మందలించాలా, వదిలేయాలా? ఇరవై ఒక్కేళ్ల కొడుకు గది దాటి రావడం లేదు

కుట్టుమిషన్_నల్గొండ
జూన్ 11, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. తప్పులుంటే ఏమనుకోవద్దు.

మాది నల్గొండ. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్స్ వేస్తాను. మా ఆయన మిర్యాలగూడలో రైసుమిల్లులో గుమస్తా, వారానికి రెండుసార్లు ఇంటికి వస్తారు. మాకు ఒక్కడే కొడుకు. 21 ఏళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ చదివాడు. నాలుగేళ్లు అయిపోయాయి గానీ మూడు సబ్జెక్టులు మిగిలాయి. ఏప్రిల్ చివర్లో పెట్టె, పరుపు సర్దుకుని ఇంటికి వచ్చేశాడు.

అప్పటి నుంచి గదే లోకం. పదకొండింటికి లేస్తాడు. ఏం అడిగినా "ఏం లేదమ్మా" అంటాడు. తలుపు గడియ పెట్టడు, దగ్గరికి వేస్తాడంతే. ఆ సందులోంచి ఫోన్ వెలుగు కనబడుతుంటుంది. నేను మిషన్ దగ్గర కూర్చుని అది ఎప్పుడు ఆరిపోతుందా అని చూస్తుంటా. రాత్రి రెండు, రెండున్నర అవుతుంది.

అసలు సంగతి చెప్తా. ఈ నెల మొదట్లో మా ఆడబిడ్డ వాళ్లింట్లో పెళ్లి. వాడు రానన్నాడు. అక్కడ కనబడ్డ ప్రతివాళ్లూ "పోరడు ఏం చేస్తుండు? ప్యాకేజీ ఎంత?" అని అడిగారు. ఆ కోపం ఇంటికొచ్చి వాడి మీద తీశాను. అన్నం తింటున్నాం అప్పుడు. "నీ ఫీజుకు పెట్టిన నా పుస్తెలతాడు ఇంకా బ్యాంకులనే ఉన్నది, నువ్వేమో పండుకున్నవ్" అన్నాను. వాడు ఏమీ అనలేదు. లేచి, నా ముందున్న ఖాళీ ప్లేటు కూడా తీసుకుపోయి కడిగి పెట్టి గదిలోకి పోయాడు. ఆ రోజు నుంచి మాతో కూర్చుని తినడు. మొన్న మృగశిర నాడు చేపల పులుసు చేస్తే గదిలోకే తీసుకుపోయి, రెండు ముద్దలు తిని గిన్నె బయట పెట్టాడు. చిన్నప్పుడు నేను ముల్లు తీసిచ్చేదాకా కూడా ఆగేవాడు కాదు.

మందలించాలా, వదిలేయాలా? ఇది బద్ధకమా, రోగమా? మా ఆయనను అడిగితే "నువ్వే గారాబం చేసినవ్" అంటారు. ఇంకెవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నా.


కల్వకుర్తి_కండక్టర్
జూన్ 12, పొద్దున 5:20

అక్కా, ఫస్ట్ ట్రిప్పుకు బయల్దేరే ముందు చదివిన. మా ఇంట్లో ఉల్టా కథ. బిడ్డకు 19, మహబూబ్‌నగర్‌లో హాస్టల్. రోజుకు ఆరు ఫోన్లు. "నాయినా, ఈ డ్రెస్సు తీసుకోవాల్నా వద్దా? నాయినా, మేడంకు లీవ్ లెటర్ల ఏం రాయాలె?" మీ దగ్గర నోరు విప్పడు, మా దగ్గర నోరు మూయదు. సాయంత్రం తీరిగ్గా రాస్తా, డ్రైవర్ హారన్ కొడుతుండు.


పాలమూరు_పంతులు
జూన్ 12, ఉదయం 7:05

అమ్మా, 34 ఏళ్లు హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైర్ అయినవాణ్ని. మొహమాటం లేకుండా చెప్తాను. ఫోన్ రీచార్జి ఆపేయండి. ఆరింటికి లేపండి. లేవకపోతే నీళ్లు చల్లండి. మమ్మల్ని కోదండం వేసి చదివించారు, మేమేం పాడైపోలేదు. ఈ కాలం పిల్లలకు కష్టం తెలియనీయకుండా పెంచుతున్నారు, అందుకే చిన్న దెబ్బకే గదిలో దూరుతున్నారు. మీరు అన్న మాటలో తప్పేముంది? బంగారం తాకట్టులో ఉన్నది నిజమే కదా. నిజం చెప్తే బాధపడితే ఎట్లా?


గ్రూప్స్_పోరడు
జూన్ 12, మధ్యాహ్నం 2:31

పంతులు సార్‌కు నమస్కారం. మాది నారాయణపేట దిక్కు. నాకు 27. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగులని నాలుగేళ్లు ఉండి ఇప్పుడు ఊళ్లోనే చదువుతున్నా. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాశాను, రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశాను, అదీ రద్దయింది. 2024 జూన్‌లో మూడోసారి రాశాను. ఈసారి పరీక్ష పోలేదు, నేనే పోయాను. కాబట్టి గదిలో పడుకోవడం గురించి నాకు కొంచెం అనుభవం ఉంది.

బయటి నుంచి చూస్తే పండుకున్నట్టే ఉంటుంది. కానీ నిద్ర ఉండదు. గేటు చప్పుడైతే చుట్టాలెవరో వచ్చారని దడ. వంటింట్లో గిన్నె కొంచెం గట్టిగా పెడితే నా మీద కోపంతోనే పెట్టారనిపిస్తుంది. ఫోన్ చూస్తాం, నిజమే. ఏం చూశావని అడిగితే చెప్పలేను. వేలు పైకి జరుపుతూ ఉంటే ఇంకో ఆలోచన రాదు, అంతవరకే దాని ఉపయోగం. రాత్రంతా ఎందుకు మేలుకుంటారని అడుగుతారు కదా. రాత్రిపూట ఎవరూ ఏమీ అడగరు, అందుకు.

అక్కా, మీవాడు ఎదురు మాట్లాడలేదు, తలుపు దబాల్న వేయలేదు. మీ ప్లేటు కడిగి పెట్టి పోయాడు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది, ఇంకోసారి అనాల్సిన పని లేదు. ఆ తాడు ఎన్ని తులాలో కూడా వాడికి తెలిసే ఉంటుంది.

మా నాయిన నాతో ఒక ఒప్పందం పెట్టుకున్నాడు. పరీక్ష ముచ్చట వారానికి ఒక్కసారే, ఆదివారం పొద్దున అరగంట. మిగతా ఆరు రోజులు ఇంట్లో ఎవరూ ఎత్తొద్దు. చుట్టాలు అడిగితే తనే జవాబు చెప్పుకుంటాడు. ఆదివారం మాత్రం నేను తప్పించుకోవద్దు, ఏం చదివానో, ఎంత ఖర్చయిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ ఒప్పందం అయిన వారమే చాలా నెలల తర్వాత కడుపు నిండా తిన్నాను. సార్ అన్నట్టు నిజం చెప్పొచ్చు. కాకపోతే అన్నం పళ్లెం ముందు వద్దు.


నైట్‌డ్యూటీ_సిస్టర్
జూన్ 13, తెల్లవారుజామున 3:12

వార్డు ఇప్పుడే సద్దుమణిగింది. నేను డాక్టర్‌ను కాదు, స్టాఫ్ నర్సును. 16 ఏళ్ల సర్వీసులో చూసినది, డాక్టర్ల దగ్గర విన్నది చెప్తా.

అక్కా, మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి.

ఒకటి, వయసు. మెదడులో ముందు భాగం ఉంటుంది, ఆగి ఆలోచించడం, రేపటి లెక్క వేసుకోవడం, కోపాన్ని పట్టుకోవడం దాని పని. అది అన్నిటికంటే ఆలస్యంగా ముదురుతుంది, 25 ఏళ్ల దగ్గరిదాకా ఆ పని సాగుతూనే ఉంటుంది. 18 నిండగానే ఓటు వస్తుంది గానీ నిబ్బరం రాదు. నిద్ర కూడా అంతే. టీనేజీ నుంచి ఒంట్లో నిద్ర టైము వెనక్కి జరుగుతూ పోయి, 20 ఏళ్ల ప్రాంతంలో బాగా ఆలస్యమవుతుంది, తర్వాత మెల్లగా సర్దుకుంటుంది. కాబట్టి పదకొండింటికి లేవడం ఒక్కటే చూసి బద్ధకం అనలేం, రోగమూ అనలేం. నీళ్లు చల్లితే పరుపు తడుస్తుంది అంతే సార్, ఏమనుకోవద్దు.

రెండోది డిప్రెషన్. మనసు బాగుండకపోవడం, ఇంతకుముందు ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం. ఇందులో ఏదైనా దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు, రెండు వారాలు దాటి ఉంటే డాక్టర్‌కు చూపించాల్సిందే. దాంతోపాటు తిండి, నిద్ర, ఒంట్లో ఓపిక, ఏకాగ్రత దెబ్బతిన్నాయా చూడండి. స్నానం చేస్తున్నాడా? దోస్తులతో మాట్లాడుతున్నాడా? క్రికెట్ చూసేవాడు మానేశాడా? మందు, గంజాయి లాంటి అలవాటు ఏమైనా ఉందా? ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని అనుమానం, లేని మాటలు వినబడటం ఉంటే అది ఇంకో రకం జబ్బు. అది కూడా ఎక్కువగా ఈ వయసులోనే మొదలవుతుంది. మన దిక్కు దాన్ని గాలి సోకిందని నెలల తరబడి తిప్పుతారు. అమావాస్యకు చెర్వుగట్టు గుడికి పోయి మొక్కుకోండి, లతీఫ్ సాబ్ దర్గా గుట్ట ఎక్కండి, నేను కూడా ఎక్కుతా. కానీ అదే వారంలో డాక్టర్ దగ్గరికి కూడా పోవాలి.

2005లో అమెరికాలో అచ్చైన ఒక పెద్ద సర్వేలో, జీవితంలో వచ్చే మానసిక సమస్యల్లో ముప్పావు వంతు 24 ఏళ్ల లోపే మొదలవుతున్నాయని తేలింది. మనం మాత్రం అదే వయసులో పిల్లలను "ఇంక పెద్దోడివైనవ్" అని వదిలేస్తాం, లేకపోతే పెళ్లి చేస్తే సర్దుకుంటుందని సంబంధాలు చూస్తాం.

నల్గొండలో 2019 నుంచి మెడికల్ కాలేజీ ఉంది కదా, ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ అడగండి. మహబూబ్‌నగర్ వాళ్లకు అక్కడే కాలేజీ ఉంది, 2016 నుంచి. వాడు రానంటే ముందు మీరే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టింది. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ ఉంటారు. ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు.

బెల్లు మోగుతోంది. మళ్లీ వస్తా.


బత్తాయి_రైతు
జూన్ 13, రాత్రి 8:40

మాది నాంపల్లి. హైదరాబాద్ నాంపల్లి కాదు, నల్గొండ జిల్లా నాంపల్లి మండలం. నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. నా చిన్నకొడుక్కు 22. డిగ్రీ మధ్యలో ఆపి ఇంటికొచ్చాడు.

తోట పెంచేటోళ్లకు తెలుసు. డిసెంబరులో చెట్లను బెట్టకు వదులుతాం, నీళ్లు బంద్ పెడతాం. ఆకు వడులుతుంది, కొంత రాలుతుంది. రోజూ చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది, ఒక్క తడి ఇద్దామా అనిపిస్తుంది. ఇచ్చినమా, పూత పోయినట్టే. నెల ఆగి సంక్రాంతి దాటినంక నీళ్లిస్తే చెట్టు తెల్లగా విరగబూస్తుంది. మావాడి విషయంలో కూడా నేను ఏడాది అట్లనే ఆగిన. పైసలు అడగంగనే ఇయ్యలే, తప్పు చేస్తే దిద్దలే.

ఒక్క పని మాత్రం అప్పగించిన. బోరు, స్టార్టరు, డ్రిప్పు నీ చేతుల్లో, నేను దిక్కు కూడా చూడనన్న. మూడో నెలలో మోటారు కాలబెట్టిండు. కరెంటు ఫేజు ఒకటి పోతే చూసుకోలేదు. వైండింగుకు 6 వేలు. వాడు వచ్చి గట్టున నిలబడ్డడు, తిడతానని. నేను మోటారును తిట్టిన, చాలాసేపు తిట్టిన. వాడే దాన్ని బండి మీద వేసుకొని చండూరు పోయి చేయించుకొచ్చిండు.


నైట్‌డ్యూటీ_సిస్టర్
జూన్ 13, రాత్రి 9:55

అన్నా, మోటారు ముచ్చట బాగుంది. బెట్ట ముచ్చటకు ఒక ప్రశ్న. మా పుట్టింటోళ్లకూ తోట ఉండేది, అందుకని అడుగుతున్నా. వేరుకుళ్లు పట్టిన చెట్టును బెట్టకు వదులుతారా?


బత్తాయి_రైతు
జూన్ 13, రాత్రి 10:02

వదలం. అట్ల వదిలితే చెట్టే పోతది. ముందు చెట్టు మొదట్లో మందు పోయాలె. సిస్టర్ మాట కరెక్టే, నేను నా చెట్టు చూసి చెప్పిన, అక్క చెట్టు ఎట్లుందో నాకు తెల్వదు.


కల్వకుర్తి_కండక్టర్
జూన్ 13, రాత్రి 10:30

నిన్న రాస్తానన్న, రాయలే. డ్యూటీ దిగేసరికి నడుము పడిపోయింది.

మా బిడ్డ ఫోన్ల మీద మా డిపోలో ఒక సార్ సలహా చెప్పిండు. ఏది అడిగినా "నువ్వేమనుకుంటున్నవ్ బిడ్డా?" అని తిప్పి అడుగు, వెంటనే చెప్పకు అని. మొదటిరోజు బిడ్డకు కోపం వచ్చింది, "నీకు నా మీద ప్రేమ తగ్గింది నాయినా" అన్నది. రెండోరోజు తనే ఏదో నిర్ణయం చేసుకుని చెప్పింది. మూడోరోజు అసలు ఫోన్ రాలే. నాకు నిద్ర పట్టలే. రాత్రి పదింటికి నేనే చేసి "ఏం బిడ్డా, ఏమన్న అడిగేదుందా?" అన్న. మా ఇంటామె ఇప్పటికీ నవ్వుతుంది. ఎవరికి ఎవరు అలవాటైండ్లో అప్పుడు తెలిసింది.


పుణె_పాలమూరు
జూన్ 14, ఉదయం 6:45

నేను ఎక్కువ చదువుకోలేదు, మా అక్క బిడ్డ టైపు చేస్తోంది. మాది మక్తల్ దిక్కు. మేస్త్రి వెంట పుణె, ముంబై పోయి బిల్డింగు పనులు చేసినం. కొడుకును నాలుగేళ్లప్పుడు మా అమ్మ దగ్గర ఇడిసిపెట్టినం. పండుగకు వచ్చేటోళ్లం, పోయేటోళ్లం. 2020 లాక్‌డౌన్‌కు వచ్చినోళ్లం మళ్ల పోలేదు. ఇప్పుడు వాడికి 20.

ఒకనాడు బండి మెల్లగ నడుపుమంటే "చెప్పనీకి నువ్వెవరు?" అన్నడు. నా చెయ్యి లేసింది. మా అమ్మ అడ్డమొచ్చింది. ఆ రాత్రి పండుకుంటే నిద్ర రాలే. వాడన్నదాంట్ల అబద్ధం ఏమున్నది అనిపించింది. తెల్లారి వాడి మంచం మీద కూసోని "నిజమే బిడ్డా, నేను లేను" అన్న. ఏ ఏడు ఏ బిల్డింగు కట్టినమో, ఎంత కూలి వచ్చిందో, అందులకెళ్లి ఎంత పంపినమో వరసగ చెప్పిన. ఏడ్వలే, నీకోసమే అనలే. లెక్క చెప్పినట్టు చెప్పిన.

వాడు చాన సేపు ఏమనలే. తర్వాత "మీరు అక్కడ యాడ పండుకునేది?" అన్నడు. పదహారేళ్లల నన్ను వాడు అడిగిన మొదటి మాట అది.


గ్రూప్స్_పోరడు
జూన్ 14, ఉదయం 9:10

అన్నా, ఇది చదివి లైబ్రరీ నుంచి మా నాయినకు ఫోన్ చేశాను. ఇవాళ ఆదివారం కాకపోయినా.


కుట్టుమిషన్_నల్గొండ
జూన్ 15, రాత్రి 12:20

అందరికీ పేరుపేరునా దండాలు. ప్రతి అక్షరం రెండుసార్లు చదివాను.

సిస్టర్ అడిగినవి గమనించాను. స్నానం రెండు మూడు రోజులకోసారి. దోస్తులు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, మోగి మోగి ఆగిపోతుంది. క్రికెట్ అంటే చచ్చిపోయేవాడు, ఐపీఎల్ ఒక్క మ్యాచ్ చూడలేదు. ఇవన్నీ కలిపి రెండు వారాలు కాదు, నెలన్నర దాటింది. నేను వాడి నిద్ర టైమే పట్టించుకున్నాను, ఇవి పట్టించుకోలేదు.

ఒక తప్పు ఒప్పుకుంటా. వాడు పడుకున్నాక ఫోన్ తీసి చూస్తున్నాను. లాకు నంబరు నాకు తెలుసు, నా పుట్టినరోజే పెట్టుకున్నాడు. ఏమీ దొరకలేదు. కానీ మొన్న ఒక దోస్తుకు "ఇంక అంతా వేస్ట్‌రా" అని పంపినట్టు చూశాను. అప్పటి నుంచి చేతులు వణుకుతున్నాయి. అడిగితే ఫోన్ చూశానని తెలిసిపోతుంది. అడగకపోతే ఎట్లా?


నైట్‌డ్యూటీ_సిస్టర్
జూన్ 15, రాత్రి 1:05

అక్కా, ఇవాళ కాకపోతే రేపు పొద్దున, వాయిదా వేయకుండా అడగండి. ఫోన్ సంగతి కూడా మీరే చెప్పేయండి, "తప్పు చేసిన బిడ్డా, భయమై చూసిన" అని. కోపం వస్తే రానివ్వండి.

ఆ తర్వాత సూటిగా, మెల్లగా: "బతకొద్దనిపిస్తుందా బిడ్డా? చచ్చిపోవాలనిపిస్తుందా?" ఈ మాట అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని అందరూ భయపడతారు. అట్లా కాదు. ఆసుపత్రిలో మేం రోజూ అడుగుతాం. అడిగినప్పుడు చాలామంది మొహంలో బరువు దిగినట్టు కనిపిస్తుంది. అవునంటే తిట్టొద్దు, ఏడవొద్దు, ఒట్టు వేయించుకోవద్దు. ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోండి. కాదన్నా సరే, ఈ వారంలో ఓపీకి.

చదివే మిగతావాళ్లకు కూడా. ఇప్పుడు పత్తి గింజలు పెట్టే కాలం, ఇంటింటికీ పురుగుమందు, గడ్డిమందు డబ్బాలు వస్తాయి. మంచం కింద, దూలం మీద పెట్టకండి. తాళం వేసి, తాళంచెవి ఒకరే పెట్టుకోండి, లేదా బయట ఎవరింట్లోనైనా ఉంచండి. ఆ నిమిషం దాటిపోతే చాలామంది బతుకుతారు. నేను ఎమర్జెన్సీలో చూసి చెప్తున్నా.

ఇంకోటి. కేసవుతుందేమో, పోలీసులొస్తారేమో అని దాచిపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం చచ్చిపోయే ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు. అదే చట్టంలో రహస్యం మాట కూడా ఉంది. మీవాడికి 18 దాటాయి, డాక్టర్‌కు చెప్పినది వాడి ఇష్టం లేకుండా మీకు చెప్పరు, ప్రాణానికి ప్రమాదం లాంటిది ఉంటే తప్ప. గది బయట కూర్చోబెడితే అవమానం అనుకోకండి.


పాలమూరు_పంతులు
జూన్ 16, రాత్రి 2:40

ఈ టైములో నేను కూడా మేలుకునే ఉన్నాను, చూశారా.

నాలుగు రోజులుగా ఒక మాట మనసులో తిరుగుతోంది. ఈ అమ్మ అడిగిన ప్రశ్నలో ఉన్నదే: మందలించాలా అని. నేను పాఠాల్లో చెప్పిన అర్థం గద్దించడం, చీవాట్లు పెట్టడం. మా అవ్వ నోట మాత్రం ఆ మాటకు ఇంకో అర్థం. ఎవరింట్లోనైనా జ్వరమొచ్చినా, చావైనా, "పోయి మందలిచ్చి రాపో కొడుకా" అనేది. అంటే పలకరించి రా అని. మన జిల్లాల్లో ఇప్పటికీ ముసలివాళ్లు అట్లనే అంటారు.

నాకు ఇద్దరు కొడుకులు. చిన్నవాణ్ని డిగ్రీ తప్పినప్పుడు బడిలో అర్థంలోనే మందలించాను, వాడి దోస్తుల ముందరే. వాడిప్పుడు వేరే రాష్ట్రంలో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. నెలకోసారి వాళ్లమ్మకు ఫోన్ చేస్తాడు. నేను పక్కనే కూర్చుంటాను. "నాయిన బాగుండా?" అని అడుగుతాడు, ఆమె "బాగున్నడు" అంటుంది. ఫోన్ నా చేతికి రాదు. పధ్నాలుగేళ్లు అయింది.

పొద్దున లేవడం గురించి నా అభిప్రాయం మారలేదు. ఎండ మొహాన పడితే మనిషికి మంచిదే. మిగతాది వెనక్కి తీసుకుంటున్నాను తల్లీ. మీరు లేపకండి, పలకరించండి.


కల్వకుర్తి_కండక్టర్
జూన్ 16, పొద్దున 5:15

సార్, ఈసారి ఫోన్ వచ్చినప్పుడు మేడం చేతుల్లోకెళ్లి గుంజుకోండి. ఏమైతే అదైంది.


కుట్టుమిషన్_నల్గొండ
జూన్ 29, రాత్రి 10:15

ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి.

సిస్టర్ చెప్పిన తెల్లారి అడుగుదామని నాలుగుసార్లు తలుపు దాకా పోయి వెనక్కి వచ్చాను. మధ్యాహ్నం ఒక పెళ్లి జాకెట్ చేయి బిగుతైందని తిరిగొచ్చింది. సాయంత్రానికి ఇవ్వాలి. కుట్టు ఊడదీసి మళ్లీ వేయాలి, సూదిలో దారం ఎక్కడం లేదు. నాకు చత్వారం వచ్చింది, అద్దాలు మార్చుకోలేదు. మూడుసార్లు దారం కొసను నోట్లో తడిపి ప్రయత్నించాను. వాడు నీళ్లు తాగడానికి బయటికొచ్చి చూశాడు. చేతిలోంచి సూది తీసుకుని ఒక్కసారికే ఎక్కించి ఇచ్చాడు. "ఇంకోటి కూడా ఎక్కించిపెట్టు" అన్నాను. నిజానికి ఇంకోటి అవసరం లేదు. వాడు కింద కూర్చున్నాడు. ఊడదీయాల్సిన చేయి వాడి ఒళ్లో పడేశాను. బ్లేడు ముక్కతో కుట్లు ఒక్కొక్కటే తెంపుతూ కూర్చున్నాడు, చిన్నప్పుడు అట్లనే చేసేవాడు.

మొహాలు చూసుకోలేదు ఇద్దరం. మిషన్ మీద తల వంచుకునే ఫోన్ సంగతి చెప్పాను. చేతులు ఆగాయి. తర్వాత ఆ మాట అడిగాను, సిస్టర్ రాసినట్టే. చాలాసేపు ఏమీ అనలేదు. "రెండుసార్లు అనిపించిందమ్మా. ఇప్పుడు లేదు" అన్నాడు. ఇంకొంచెం ఆగి "మూడు కాదమ్మా, ఐదు సబ్జెక్టులున్నాయి. నీకు మూడనే చెప్పిన" అన్నాడు.

నాకు లోపల ఏమైందో నేను రాయలేను. పైకి "సరే" అన్నాను. అదొక్కటే వచ్చింది నోటికి.

ఆ జాకెట్ ఇవ్వలేదు. పక్కింటి ఆమెకు ఇల్లు అప్పజెప్పి అప్పుడే ఆటోలో ఆసుపత్రికి పోయాం. మా ఆయన మిర్యాలగూడ నుంచి నేరుగా అక్కడికే వచ్చారు. డాక్టర్ వాడితో ఒక్కడితోనే మాట్లాడారు, మేమిద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం. రక్తపరీక్షలు రాశారు, థైరాయిడ్, రక్తం ఎంతుందో చూడటానికి. మాత్రలు ఇచ్చారు, వారానికోసారి కౌన్సెలింగ్‌కు రమ్మన్నారు. మాత్రలు పని మొదలుపెట్టడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, బాగైందనిపించగానే మీ అంతట మీరు ఆపొద్దు అన్నారు. అలవాటైపోతాయా అని మా ఆయన అడిగారు. ఇవి మత్తు మాత్రల్లాంటివి కావు, ఆపేటప్పుడు మాత్రం మెల్లగా తగ్గిస్తాం అన్నారు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అడగలేదు. మాత్రలు మాత్రం రోజూ లెక్కపెడుతున్నా.

పెళ్లివాళ్లు జాకెట్ కోసం బాగా తిట్టారు. పడ్డాను.


నైట్‌డ్యూటీ_సిస్టర్
జూన్ 29, రాత్రి 11:40

అక్కా, చదువుతుంటే కళ్లు మసకబారాయి. మాత్రల సంగతి డాక్టర్‌నే అడగండి. మొదటి వారాల్లో స్ట్రిప్పు మీ దగ్గర పెట్టుకుని రోజుకొకటి ఇమ్మంటే అట్లనే చేయండి, వాడికి చెప్పే చేయండి. చాటుగా లెక్కపెట్టడం మాత్రం వద్దు, ఫోన్ చూసినట్టే అవుతుంది.


బత్తాయి_రైతు
జూన్ 30, ఉదయం 6:30

ఐదని చెప్పిండు కదా, అదే పెద్ద పని. మావాడు మోటారు కాలిన సంగతి మూడు గంటలు చెప్పలే.


కుట్టుమిషన్_నల్గొండ
జూలై 19, రాత్రి 9:50

మాత్రలు మొదలై నెల దాటింది. ఒకరోజు బాగుంటాడు, ఒకరోజు మళ్లీ తలుపు దగ్గరికి వేసుకుంటాడు. ఆదివారం అరగంట ఒప్పందం పెట్టుకున్నాం, గ్రూప్స్ తమ్ముడు చెప్పినట్టు. మొదటి ఆదివారం మా ఆయన పన్నెండు నిమిషాలకే గొంతు పెంచారు, వాడు లేచిపోయాడు. రెండో ఆదివారం అరగంట నిండింది. అన్నం మాత్రం ముగ్గురం కలిసే తింటున్నాం, ఆయన ఉన్న రోజు.

పోయిన వారం పుస్తెలతాడుకు వడ్డీ ఎంతని వాడే అడిగాడు. చెప్పాను. ఫోన్లో లెక్క వేసుకున్నాడు, ఏమీ అనలేదు. ఐదు సబ్జెక్టుల్లో ఈసారి రెండే రాస్తానన్నాడు. నేనైతే ఐదూ రాయమనేదాన్ని. నోరు కట్టేసుకున్నా.

పరీక్ష హైదరాబాద్‌లో. పొద్దున పోయి సాయంత్రం వస్తా, నువ్వు రావొద్దు అన్నాడు. కండక్టర్ అన్నా, నల్గొండ నుంచి తొమ్మిదింటి లోపల దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాలంటే ఏ బస్సు ఎక్కాలి? సీటు ముందే పట్టుకోవాల్నా?


కల్వకుర్తి_కండక్టర్
జూలై 19, రాత్రి 10:05

అక్కా, పరీక్ష రాసేది ఎవరు?


కుట్టుమిషన్_నల్గొండ
జూలై 19, రాత్రి 10:07

రాసి పంపినంక నాకే నవ్వొచ్చింది. టైము మాత్రం చెప్పు అన్నా. వాడికి చెప్పను.